ఉన్న ఊరినే కథలోని ఊరిగా మార్చడం: శ్రీకాకుళం, విజయనగరం లొకేషన్లలో సమస్యలు – పరిష్కారాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చిన్న బడ్జెట్‌తో సినిమా తీసేవారికి సెట్ వేసే స్తోమత సాధారణంగా ఉండదు. ఉన్న వీధినే, ఉన్న పొలాన్నే, ఉన్న తీరాన్నే కథకు తగినట్టు మార్చుకోవాలి. ఆ పనిలో తరచుగా ఎదురయ్యే ఇబ్బందులను, వాటి అసలు కారణాలను, తక్కువ ఖర్చుతో వాటిని సరిచేసుకునే దారులను ఇక్కడ వివరిస్తున్నాను. లొకేషన్ కుదరలేదని అనిపించగానే ఇంకేదో తెచ్చి పెట్టాలని ఆర్ట్ విభాగం ఆరాటపడుతుంది. చాలాసార్లు లోపం కెమెరా నిలిపిన చోటులో, నేలలో, ఎండ పడే వేళలో ఉంటుంది కనుక, ఈ మూడింటినీ సరిచూసుకున్న తరువాతే డబ్బు ఖర్చయ్యే మార్పుల జోలికి వెళ్లాలని నా అభిప్రాయం.

లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఆర్ట్ పని ముగిశాక కెమెరా ఉంచబోయే చోటనే, అదే ఎత్తులో, షూటింగ్ జరిగే వేళకే ఫోనుతో ఒక ఫొటో తీయండి. దానిని నలుపు తెలుపులోకి మార్చి, బొటనవేలంత చిన్నదిగా చేసి చూడండి. నటుడు నిలబడే చోటి కంటే ముందు కన్ను ఏ తెల్లటి సిమెంటు గట్టు మీదికో, ప్లాస్టిక్ బిందె మీది మెరుపు వైపో, ఆకాశంలో అడ్డంగా సాగిన తీగ వైపో వెళ్తే, సరిచేయవలసింది దానినే. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, ఆర్ట్ డైరెక్టర్ ముగ్గురూ కలిసి ఆ ఒక్క ఫొటో చూస్తే సగం వాదనలు అక్కడే తీరిపోతాయి.

ఎంత అలంకరించినా పాతకాలపు ఊరిలా కనిపించడం లేదు

కథ 1970ల నాటిది అనుకుందాం. వీధిలో నులక మంచం వేశారు, ఎడ్లబండి నిలిపారు, అరుగు మీద బుడితి (ఇత్తడి సామాన్లకు పేరున్న ఇక్కడి ఊరు) ఇత్తడి బిందె పెట్టారు. అయినా తెరపై అది ఈనాటి ఊరిలాగే ఉంటుంది. విద్యుత్ తీగలు, డిష్ యాంటెన్నాలు, డాబాల మీది నల్లటి నీళ్ల ట్యాంకులు, సిమెంటు రోడ్డు, పార్టీల జెండా దిమ్మలు, ఎల్‌ఈడీ వీధిదీపాలు ఫ్రేములో అలాగే మిగిలిపోవడమే దీనికి కారణం. పది పాత వస్తువులు కలిసి తెచ్చిన కాలాన్ని ఒక్క డిష్ యాంటెన్నా చెరిపేస్తుంది.

దీనికి మొదటి చికిత్స లెన్స్. ఫుల్‌ఫ్రేమ్ (36 ఎంఎం వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాకు 24 ఎంఎం లెన్స్ పెడితే, ముప్పై మీటర్ల దూరాన ఉన్న నేపథ్యంలో దాదాపు 45 మీటర్ల వెడల్పు ఫ్రేములో పడుతుంది. 85 ఎంఎం పెడితే అదే దూరాన 13 మీటర్లకు మించి పడదు. అంటే పదిహేను ఇళ్లకు చేయవలసిన అలంకరణ నాలుగైదు ఇళ్లతో సరిపోతుంది. పొడవు లెన్స్‌కు వెనక్కి జరగడానికి చోటు కావాలి. ఉత్తరాంధ్ర పల్లెల్లో గోడకు గోడ ఆనుకుని, ఒకే చూరు కింద సాగిపోయే వరుస ఇళ్ల వీధులు తిన్నగా ఉంటాయి కనుక ఆ చోటు దొరుకుతుంది. అయితే వీధి పొడవునా చూస్తూ కెమెరా పెడితే ప్రతి స్తంభమూ ఒకదాని వెనుక ఒకటి పేర్చినట్టు కనిపిస్తుంది. ఒక వరుసను మాత్రమే ఏటవాలుగా చూసేలా పెట్టుకుంటే రెండో వరుసను, దాని వెంట ఉన్న స్తంభాలను ముట్టుకోవలసిన అవసరమే రాదు.

రెండోది ఎత్తు. కెమెరా మోకాలి ఎత్తులో ఉండి పైకి చూస్తే ఆకాశం, ఆకాశంతో పాటు తీగలు వస్తాయి. అరుగు మీదనో, బండి మీదనో నిలిపి కొద్దిగా కిందికి వంచితే ఫ్రేములో ఎక్కువ భాగం నేల, గోడలు, చూరు అంచులు నిండుతాయి. ఇంకా ఒక స్తంభం మిగిలితే లెన్స్‌కు దగ్గరగా ఒక వేపకొమ్మ వేలాడదీయండి. మీటరు దూరంలో ఉన్న చిన్న కొమ్మ, దూరాన ఉన్న స్తంభాన్ని పూర్తిగా కప్పేస్తుంది. కెమెరా కదిలితే కొమ్మ ఒకవైపు, స్తంభం మరొకవైపు జరిగి గుట్టు బయటపడుతుంది కనుక, నిలకడగా ఉండే షాట్లకే ఈ పద్ధతి పనికివస్తుంది. తీగలను గ్రాఫిక్స్‌లో చెరిపించాలనుకున్నా ఇదే నియమం వర్తిస్తుంది. ట్రైపాడ్ మీద కదలకుండా తీసిన షాట్‌లో తీగలు తీయడం చిన్న పని, చేతితో పట్టుకుని తీసిన షాట్‌లో అదే పని ఫ్రేము ఫ్రేముకూ చేయాలి. నటులు లేకుండా ఖాళీ ఫ్రేమును కొన్ని సెకన్ల పాటు తీసి ఉంచడం మరువవద్దు.

విద్యుత్ స్తంభానికి తాటి కమ్మలు, వెదురు బద్దలు కట్టి చెట్టులా మార్చే ప్రయత్నాలు చూస్తుంటాం. దయచేసి ఆ పని చేయవద్దు. తడిసిన కమ్మ తీగకు తగిలితే ప్రాణాలు పోతాయి. డిష్ యాంటెన్నాను కూడా తిప్పవద్దు, ఎందుకంటే మళ్లీ సిగ్నల్ కుదరకపోతే ఆ ఇంటివారు ఇబ్బంది పడతారు. దానిపై గోనెపట్టా కప్పి, పైన ఆనప తీగ పరిస్తే అది పెరటి పాదులా కలిసిపోతుంది.

బోర్డు మీది అక్షరం కాలాన్ని తప్పుగా చూపిస్తోంది

గోడ, వీధి, దుస్తులు అన్నీ కుదిరాక ఒక పాఠశాల బోర్డు దగ్గర కథ నమ్మకం కోల్పోవడం సాధారణంగా జరుగుతుంది. బోర్డు రాసేవారికి ఊరి పేరు మాత్రమే ఇచ్చి, ఆ కాలపు పాలనా వ్యవస్థ వివరాలు ఇవ్వకపోవడం దీనికి కారణం.

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం జిల్లా నుంచి విడిపడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. కనుక 1975లో జరిగే కథలో ‘విజయనగరం జిల్లా’ అన్న మాట ఏ గోడ మీదా ఉండకూడదు. అప్పటికి విజయనగరం పట్టణం విశాఖపట్నం జిల్లాలోను, బొబ్బిలి, సాలూరు శ్రీకాకుళం జిల్లాలోను ఉండేవి. మండలాలు 1985లో వచ్చాయి, అంతకు ముందు తాలూకాలు, పంచాయతీ సమితులు. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపాయి గుర్తును 2010లో ఖరారు చేశారు కనుక, 1990ల నాటి కిరాణా కొట్టు ధరల పట్టికపై ‘రూ.’ అనే రాయాలి. ఈమధ్య కాలపు కథలకు కూడా జాగ్రత్త కావాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. బండి నంబరుకూ ఇదే లెక్క. శ్రీకాకుళానికి ఏపీ 30, విజయనగరానికి ఏపీ 35 అని అంకెలు కేటాయించిన పద్ధతి 1989 తరువాతది. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది.

పాత బోర్డును కంప్యూటర్ అక్షరాలతో ముద్రించి పాతబరిస్తే అది పాతదిగా కనిపించదు. కుంచెతో రాసే పెయింటర్లు శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇంకా ఉన్నారు. ఒక బోర్డుకు వారికి ఇచ్చే కూలి దండగ కాదు. ఆ కాలపు అక్షరం ఎలా ఉండేదో తెలియాలంటే ఊళ్లోనే అడగండి. పెద్దల ఇళ్లలో గోడకు వేలాడే బడి గ్రూపు ఫొటోల్లో, పెళ్లి ఫొటోల వెనుక కనిపించే గోడల్లో ఆనాటి అక్షరాలు, తలుపులు, ముగ్గులు, చూరు కర్రలు అన్నీ దొరుకుతాయి. ఆర్ట్ విభాగానికి అంతకు మించిన ఆధారం లేదు.

గోడ కొత్తగా, అబద్ధంగా కనిపిస్తోంది

ఇది రెండు రకాలుగా వస్తుంది. మొదటిది, వేసిన సున్నం మరునాటికే పొడిపొడిగా రాలిపోవడం. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకు కింద పీల్చుకునే స్వభావం ఉన్న మట్టి గోడో, పాత సున్నపు గోడో ఉండాలి. ఇప్పటి ఇళ్లకు ఎనామిల్, ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు వేస్తున్నారు. ఆ నున్నటి పొర మీద సున్నం పట్టుకోదు. పైగా ఇంటివారు పండుగకు వేయించుకున్న రంగును గీకి పాడుచేసే హక్కు మనకు లేదు. కాబట్టి కడిగితే పోయే పూత కావాలి. పోస్టర్లు అంటించడానికి వాడేటట్టు మైదాపిండిని పలుచగా ఉడికించి, చల్లారాక అందులో జల్లించిన ఎర్రమట్టి గానీ ముల్తానీ మట్టి గానీ కలిపి, వెడల్పు కుంచెతో రెండు పలుచని పూతలు వేయండి. ఒకే మందపాటి పూత ఎండగానే పెచ్చులుగా లేస్తుంది. ముందుగా వెనుక గోడ మీద అరచేతి మేర పూసి, ఒక రోజు ఆగి, కడిగి చూసి, మరక మిగలలేదని ఇంటివారికి చూపించిన తరువాతే ముందు గోడకు రండి. బంక పాడవకుండా మైలుతుత్తం కలిపే అలవాటు కొందరికి ఉంది. మైదా వాసనకు ఊళ్లో మేకలు, పశువులు ఆ గోడను నాకుతాయి, మైలుతుత్తం వాటికి విషం. ఏ రోజు బంక ఆ రోజే ఉడికించుకోవడం మేలు.

రెండో రకం లోపం మరింత సూక్ష్మమైనది. పూత నిలిచింది, రంగు కుదిరింది, అయినా గోడ అబద్ధంగా ఉంటుంది. గోడ అంతటా ఒకే విధంగా మసి చల్లడం దీనికి కారణం. నిజమైన గోడకు ప్రతి మరక వెనుక ఒక మనిషి గానీ, వాన గానీ ఉంటుంది. ఏదైనా పాత అరుగు దగ్గర కూర్చుని పది నిమిషాలు చూడండి. నేల నుంచి జానెడు, మూరెడు ఎత్తు వరకు చూరు నీళ్లు పడి చిందిన మట్టి చుక్కలు ఉంటాయి. అవి కింద దట్టంగా, పైకి పోయేకొద్దీ పలుచగా ఉంటాయి. అరుగు మీద కూర్చున్న మనిషి వీపు ఆనేచోట, తల ఆనేచోట నూనె పట్టి గోడ నున్నగా మెరుస్తుంది. వీపు మరక వెడల్పుగా, తల మరక చిన్నగా గుండ్రంగా ఉంటుంది. గుమ్మం పక్కన కుడిచేయి ఆన్చే చోట ఒక మట్టి రంగు ఛాయ, దీపపు గూడు పైన ఎగబాకిన పొగచార, తలుపు గొళ్లెం ఊగి గీసిన అర్ధచంద్రాకారపు గీత కనిపిస్తాయి. అరుగు అంచు మధ్యలో అరిగి, రెండు చివరలా పదునుగా మిగిలి ఉంటుంది. వీటిలో నాలుగైదు సరైన చోట వస్తే చాలు, మిగతా గోడను శుభ్రంగా వదిలేయవచ్చు. వీపు మరకకు కొబ్బరినూనె అద్దిన గుడ్డతో రుద్దడం ఎమల్షన్ గోడలపై వద్దు, అది కడిగినా పోదు. పలుచని గంజి ఎండితే అదే మెరుపు వస్తుంది, నీళ్లకు పోతుంది.

పొలం కథకు అందడం లేదు

ఈ జిల్లాల్లో ఖరీఫ్ వరి జూలై, ఆగస్టు నెలల్లో నాట్లు పడి, నవంబరు, డిసెంబరు నాటికి కోతకు వస్తుంది. మొదటి షెడ్యూలులో పచ్చగా ఉన్న పొలం రెండో షెడ్యూలు నాటికి కొయ్యకాళ్లు అయిపోవడం, లేదా కోత సన్నివేశం తీద్దామని వచ్చేసరికి కుప్పలు కూడా నూర్చేయడం చాలామందికి ఎదురయ్యే కష్టం. కారణం స్పష్టమే. డేట్లు నటులను బట్టి వేసుకుంటాం, పైరు తన లెక్క ప్రకారం పోతుంది.

రైతుతో మాట్లాడి, పది సెంట్ల మడిని కోయకుండా నిలిపించుకోవడం మంచి మార్గం. పది సెంట్లంటే సుమారు 400 చదరపు మీటర్లు, పొడవు లెన్స్‌కు అది ధారాళంగా సరిపోతుంది. అయితే ఆ పది సెంట్ల ధాన్యం ధర మాత్రమే కట్టిస్తే న్యాయం కాదు. కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో తడి ఉండగానే, నిలిచి ఉన్న వరిలో మినుములు, పెసలు చల్లడం ఇక్కడి రైతుల పద్ధతి. వరి సకాలంలో కోయకపోతే నీడలో ఆ మొలకలు పాలిపోతాయి. ఆలస్యంగా కోస్తే గింజ రాలిపోతుంది, ఎలుకలు పడతాయి. ఈ రెండో పంట నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, పొలంలో అడుగు పెట్టకముందే డబ్బు చేతికివ్వాలి.

కోసేసిన పొలాన్ని పచ్చగా చూపించవలసి వస్తే కొయ్యకాళ్లకు రంగు చల్లించే ఆలోచన మానుకోండి. రంగు ఒకే ఛాయలో పడి చాపలా కనిపిస్తుంది, ఆ గడ్డి తినే పశువుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. బోరు నీళ్లున్న రైతు సాయంతో రెండు మూడు సెంట్లలో ఆకుమడి పోయించుకోండి. పాతిక రోజులకు నారు జానెడు ఎత్తు లేస్తుంది. కెమెరాను నేలకు దించి, ఆ నారు కొసల మీదుగా చూస్తే ఫ్రేము కింది సగం నిండా నిగనిగలాడే పచ్చదనం ఉంటుంది. వెనుక ఉన్న బీడు మసకగా కరిగిపోతుంది. చిన్న సినిమాకు ఇంతకంటే చౌకైన, అందమైన ఉపాయం నాకు తెలియదు.

పచ్చటి నేలను కరువు నేలగా మార్చవలసి వస్తే పొలంలో చేయగలిగింది తక్కువ, డీఐలో (ఎడిటింగ్ తరువాత కంప్యూటర్‌పై రంగులు సరిదిద్దే దశలో) చేయగలిగింది ఎక్కువ. ఆకుపచ్చను విడిగా ఎంచుకుని గోధుమ రంగు వైపు జరపవచ్చు. అందుకోసం ఆ సన్నివేశంలో ఎవరూ పచ్చ చీర, పచ్చ లుంగీ కట్టకుండా ముందే చూసుకోవాలి.

అడ్డుగా పెట్టడానికి కోసిన కొమ్మలు మధ్యాహ్నానికి వాడిపోయి, ఉదయపు షాట్‌తో కలవకపోవడం మరో చిక్కు. వేప, టేకు ఆకులు ఎండకు త్వరగా ముడుచుకుంటాయి. తెల్లవారకముందే కోసి, మొదళ్లను బకెట్ల నీళ్లలో ఉంచి, తడి గోనె కప్పి, వాడినవి మార్చుకుంటూ పోవాలి. రోజంతా నిలబడేవి కావాలంటే తాటి కమ్మలు, కొబ్బరి మట్టలు నమ్మదగినవి.

సిమెంటు రోడ్డు, మారిపోయే నేల రంగు

నేల గురించి చిన్న సినిమాలు ఆలోచించేది చాలా తక్కువ. కెమెరాను కిందికి వంచమని పైన చెప్పాను కనుక ఆ నేల సరిగా ఉండి తీరాలి.

నలభై మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న సిమెంటు వీధిని రెండంగుళాల మందాన మట్టితో కప్పాలంటే సుమారు ఆరు ఘనపు మీటర్లు, అంటే ట్రక్కు పరిమాణాన్ని బట్టి ట్రాక్టరుతో రెండు మూడు లోడ్లు పడుతుంది. భరించలేని ఖర్చేమీ కాదు. కప్పాక కూడా రోడ్డు రోడ్డులాగే కనిపిస్తే మూడు చోట్ల చూడండి. అంచుల దగ్గర సిమెంటు కాలువ గట్టు తెల్లగా బయటపడి ఉండవచ్చు, అక్కడ మట్టిని గట్టులా పోసి గరిక పెళ్లలు పెట్టాలి. మట్టి మీద ట్రాక్టరు టైరు అచ్చులు ఉండవచ్చు, తుమ్మకంప ఈడ్చి వాటిని చెరపాలి. లేదా మట్టి మరీ చదునుగా ఉండవచ్చు. పలుచగా నీళ్లు చల్లి, సాయంత్రం ఊరి పశువులను ఆ దారిన ఇంటికి తోలమని అడిగితే, గిట్టల అచ్చులతో, పేడతో, మనం వేయలేనంత సహజంగా నేల తయారవుతుంది.

పల్లపు చెరువు మట్టి నల్లగా, మెట్ట మట్టి ఎర్రగా ఉంటుంది. వీధిలో మిగతా నేల ఏ రంగులో ఉందో ఆ రంగు మట్టినే, పంచాయతీని, సంబంధిత శాఖను అడిగి తెచ్చుకోవాలి. షాట్‌కూ షాట్‌కూ నేల రంగు మారుతున్నట్టయితే అందుకు కారణం తడి. నీళ్లు చల్లిన నేల ముదురుగా ఉండి ఎండేకొద్దీ లేత రంగుకు మారుతుంది. ఆ సన్నివేశం మొత్తాన్ని తడి నేల మీద తీయాలో, పొడి నేల మీద తీయాలో ఉదయమే నిర్ణయించుకుని, తడి అయితే ప్రతి టేకుకూ ముందు చల్లడానికి ఒక మనిషిని నియమించాలి. దుమ్ము లేపడానికి ముల్తానీ మట్టి చాలు. సిమెంటు, రంగు పొడులు నటుల కళ్లకు, ఊపిరికి హాని చేస్తాయి.

సముద్రం మీద సూర్యాస్తమయం కుదరడం లేదు

స్క్రిప్టులో ‘సముద్రంలోకి సూర్యుడు దిగిపోతుండగా’ అని రాసుకుని, కళింగపట్నమో, బారువో, చింతపల్లో వచ్చి చూస్తే సూర్యుడు ఊరి వెనుక కొబ్బరిచెట్లలోకి దిగుతాడు. ఇది తూర్పు తీరం. సముద్రం మీద ఇక్కడ ఉదయమే తప్ప సాయంత్రం దొరకదు. కాబట్టి సూర్యోదయాన్ని తీసి అస్తమయంగా చూపించాలి.

అలా తీసినా అబద్ధంగా అనిపిస్తే కారణాలు ఇలా ఉంటాయి. షాట్ పొడుగునా సూర్యుడు పైకి లేస్తాడు, అందుకే ఒక్కో షాట్‌ను చిన్నదిగా ఉంచి, వాటిని ఎడిటింగ్‌లో వెనక నుంచి ముందుకు పేర్చాలి. షాట్‌నే తిరగేసి నడిపిస్తే అలలు ఒడ్డు నుంచి సముద్రంలోకి వెళ్తాయి, పొగ కిందికి దిగుతుంది. తెల్లవారేసరికి పడవలు, వలలు, చేపలు కొనేవారితో తీరం సందడిగా ఉంటుంది కనుక, సాయంత్రపు సన్నివేశానికి కొంచెం దూరంగా నిర్మానుష్యమైన చోటు ఎంచుకోవాలి. రాత్రి తరువాత ఇసుక మీద అడుగులు పెద్దగా ఉండవు. సాయంత్రపు తీరం తొక్కిడితో గజిబిజిగా ఉంటుంది. పది మందిని అటూ ఇటూ నడిపించాకే కెమెరా ఆన్ చేయండి.

నెల కూడా ముఖ్యమే. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా, నేరుగా నీటి మీద లేస్తాడు. జూన్‌లో అంతే ఉత్తరంగా జరిగి, దాదాపు ఒడ్డు వెంబడి లేస్తాడు కనుక ఫ్రేములో నీరు ఒక పక్కకు పోతుంది. డిసెంబరుకు మరో సౌకర్యం ఉంది. ఆ నెలలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తుకు మించడు, మనిషి నీడ దాదాపు మనిషంత పొడవు పడుతుంది, ముఖాల మీద కళ్ల కింద నల్లటి గుంటలు రావు. మే నెలలో సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. స్కిమ్మర్లు (ఎండను మెత్తబరిచే పలుచని గుడ్డ చట్రాలు), వెలుగును ముఖాల మీదికి తిప్పే థర్మాకోల్ షీట్లు మోయించే ఖర్చు ఆదా చేయాలంటే డిసెంబరు, జనవరి నెలలనే ఎంచుకోవాలి.

రాత్రి సన్నివేశంలో తెల్లటి వెలుగు, మినుకు

ఎల్‌ఈడీ వీధిదీపాల కింద తీసిన షాట్‌లో వెలుతురు కెరటాల్లా పాకుతుంటే, మన 50 హెర్ట్జ్ విద్యుత్తుకు, కెమెరా షట్టర్‌కు పొత్తు కుదరలేదని అర్థం. 24 ఫ్రేముల వేగంలో షట్టర్‌ను 172.8 డిగ్రీలకు పెడితే అది సెకనులో యాభయ్యో వంతుకు సమానమై, చాలావరకు ఆ మినుకు ఆగుతుంది. పాతకాలపు కథకైతే ఆ దీపాలు ఆపించడమే మార్గం. పంచాయతీకి ముందురోజే తెలిపి, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకో రాసిచ్చి, ఊరివారికి చాటింపు వేయించాలి. జనరేటరుకు డబ్బు లేనివారు పగటిపూటే రాత్రిని తీయవచ్చు. సూర్యుడిని నటుల వెనుక ఉంచి, ఆకాశాన్ని ఫ్రేములోకి రానివ్వకుండా, రెండు స్టాపులు తగ్గించి (అంటే కెమెరాలోకి వెళ్లే వెలుతురును నాలుగో వంతు చేసి), వైట్ బ్యాలెన్స్‌ను 3200 కెల్విన్‌కు పెట్టి తీస్తే అది వెన్నెలగా మారుతుంది.

తీరంలో జనవరి నుంచి వేసవి తొలినాళ్ల వరకు రాత్రి దీపాలు పెట్టవద్దు. శ్రీకాకుళం తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తాబేలు పిల్లలు వెలుతురును చూసి సముద్రం అనుకుని అటే పాకుతాయి. పైన చెప్పిన పగటి వెన్నెల పద్ధతి ఈ నెలల్లో తీరానికి తప్పనిసరి అని నేను భావిస్తాను.

ఇంకో ప్రాంతంగా చూపిస్తే జనం గుర్తుపట్టేస్తున్నారు

ఉద్దానం కొబ్బరితోటలను కోనసీమగా చూపించాలని వచ్చేవారున్నారు. కొబ్బరి ఒకటే అయినా ఉద్దానంలో నేల ఇసుక, చెట్ల నడుమ జీడిమామిడి, పడమట మహేంద్రగిరి వరుస కనిపిస్తాయి. కోనసీమకు కాలువలు కావాలి, కొండలు ఉండకూడదు. కెమెరా తూర్పుకు చూసేలా, జీడిచెట్లు లేని చోట పెట్టుకోవడం ఒక్కటే దారి. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానుకు ఈ తోటలు తీవ్రంగా దెబ్బతిన్నాయి కనుక, అంతకు ముందరి ఫొటోలు చూసి లొకేషన్ ఖరారు చేసుకోవద్దు. పురాతన కట్టడం కావాలని శాలిహుండం, ముఖలింగం మీద దృష్టి పెట్టేవారు, అవి 1958 చట్టం కింద కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయని గుర్తించాలి. అక్కడ అనుమతి లేకుండా చిత్రీకరణే కుదరదు. మేకు కొట్టడం, రంగు పూయడం అనుమతి ఉన్నా తగదు.

రెండో షెడ్యూలుకు ఊరు ఒప్పుకోవడం లేదు

మొదటిసారి ఆదరించిన ఊరు రెండోసారి తలుపు వేసుకుంటే, దానికి కారణం దాదాపు ఎప్పుడూ మొదటి షెడ్యూలు చివరి రోజున ఉంటుంది. చీకటి పడే వరకు షూటింగ్ చేసి, రాత్రికి రాత్రి వ్యాను ఎక్కేస్తే వీధిలో మట్టి, గోడ మీద బంక, చెట్లకు బిగించిన ప్లాస్టిక్ తాళ్లు అలాగే మిగిలిపోతాయి. మొదటి వానకు ఆ మట్టి కాలువలో పడి నీరు ఇళ్లలోకి వస్తుంది. డబ్బు ఒక పెద్దమనిషి చేతిలో పెట్టి వెళ్తే గోడ ఇచ్చిన ఇంటికి అది చేరకపోవచ్చు.

ముట్టుకోబోయే ప్రతి ఇంటి ముందు భాగాన్నీ పని మొదలు పెట్టకముందే ఫొటో తీసి, ఇంటివారి ఎదుటే వారి ఫోనుకు కూడా పంపండి. షెడ్యూలులో ఆఖరి రోజును షూటింగ్‌కు వాడకుండా పూర్తిగా మరమ్మతుకే కేటాయించి, ఆ ఖర్చును బడ్జెట్‌లో ఆర్ట్ విభాగం కింద ముందే రాసుకోండి. మట్టి ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడికే చేర్చాలి, లేదా ఊరివారు పెరళ్లకు అడిగితే వారి గుమ్మంలో దించాలి. గోడలు కడిగి, ఫొటోతో పోల్చి చూపించి, మరక మిగిలిన గోడకు ఆ ఇంటివారు కోరిన రంగు వేయించాలి. అద్దె సొమ్ము ఏ ఇంటిది ఆ ఇంటి యజమాని చేతికే, సాక్షి సంతకంతో ఇవ్వాలి. చెట్లకు కట్టినవన్నీ కోసి తీశారో లేదో ఆర్ట్ డైరెక్టరే స్వయంగా వీధి చివరి వరకు నడిచి చూసుకున్నాక వ్యాను కదలాలి.